ముందు ప్లగ్, తర్వాత కారు: ఎలక్ట్రిక్ కారుకు ఛార్జింగ్ ఏర్పాట్లు ఎలా చేసుకోవాలి

కారు బుక్ చేసి, డెలివరీ తేదీ కూడా వచ్చాక "ఇంతకీ ఛార్జింగ్ ఎక్కడ పెడదాం?" అని తల పట్టుకునే ఇళ్లు చాలా చూశాను. మా ఇంట్లోనూ అదే జరిగింది. కారు వచ్చిన మొదటి రెండు వారాలు పార్కింగ్‌లో పనికొచ్చే ప్లగ్ లేక, రోజు విడిచి రోజు సాయంత్రం బయట ఛార్జర్ దగ్గర ముప్పావు గంట కూర్చునేవాళ్లం. అందుకే ఎవరు అడిగినా ఒకటే చెబుతాను: ముందు ప్లగ్, తర్వాత కారు. పెట్రోలు బంకు ప్రతి ఊళ్లో ఉంటుంది కాబట్టి దాని గురించి ఎవరూ ఆలోచించరు. ఎలక్ట్రిక్ కారుకు మాత్రం మీ బంకు మీ ఇంట్లోనే ఉండాలి. హైడ్రోజన్ గ్యాస్ నింపుకుని నడిచే కారు సంగతి వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

మీరు హైదరాబాద్‌లో ఉంటూ పండక్కో పెళ్లికో విజయవాడ వైపు వెళ్లొస్తుంటారనుకుని రాస్తున్నాను. వేరే ఊరైనా లెక్క ఇదే, కిలోమీటర్లు మార్చుకుంటే చాలు.

1. రోజుకు ఎన్ని యూనిట్లు కావాలో లెక్క వేయండి

బ్యాటరీ సైజును కంపెనీలు కిలోవాట్ అవర్లలో చెబుతాయి. ఒక కిలోవాట్ అవర్ అంటే మన కరెంటు బిల్లులో ఒక యూనిట్, అంతే. 40 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే 40 యూనిట్లు పట్టే ట్యాంకు అనుకోండి. మధ్యరకం కారు సిటీలో యూనిట్‌కు ఏడు కిలోమీటర్ల దాకా ఇస్తుంది. హైవే మీద 100 స్పీడులో అది ఆరుకు పడిపోతుంది. బ్రోషర్‌లో రాసిన రేంజ్ నమ్ముకుని లెక్కలు వేయకండి.

రోజుకు 50 కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఏడెనిమిది యూనిట్లు సరిపోతాయి. గీజర్‌కు, ఏసీకి వాడే పెద్ద పవర్ ప్లగ్ ఉంది కదా, 16 ఆంపియర్లది, దానికి పోర్టబుల్ ఛార్జర్ తగిలిస్తే గంటకు దాదాపు మూడు యూనిట్లు కారులోకి ఎక్కుతాయి. అంటే మీ రోజువారీ తిరుగుడికి రాత్రి మూడు గంటల ఛార్జింగ్ చాలు. రాత్రి తొమ్మిదికి పెట్టి తెల్లవారి ఆరుకు తీస్తే 170, 180 కిలోమీటర్లకు సరిపడా నిండుతుంది.

గోడకు బిగించే 7.2 కిలోవాట్ల బాక్సు కావాలా అని అడుగుతారు. బ్యాటరీ 50 యూనిట్లు దాటినా, ఇంట్లో రెండు ఎలక్ట్రిక్ బండ్లున్నా, రోజూ 150 కిలోమీటర్లు తిరిగే ఉద్యోగమైనా తీసుకోండి. లేకపోతే ఆ డబ్బు మంచి వైరింగ్ మీద పెట్టండి, పది కాలాలు ఉంటుంది.

2. ఇంటి కరెంటును సిద్ధం చేయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. చాలామంది తేలిగ్గా తీసుకునేదీ ఇదే.

మొదట కరెంటు బిల్లు తీసి మీ లోడు ఎంత రాశారో చూడండి. రెండు, మూడు కిలోవాట్లు ఉన్న ఇళ్లే ఎక్కువ. గీజర్ ఒక్కటే రెండు కిలోవాట్లు లాగుతుంది, ఏసీ ఒకటిన్నర, దాని మీద కారు 3.3. ఇవన్నీ ఒకేసారి నడిస్తే మీటరు దగ్గరే ట్రిప్ కావచ్చు. మీ ఏరియా కరెంటు ఆఫీసుకు, అంటే సెక్షన్ ఏఈ దగ్గరికి వెళ్లి అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి, ఆన్‌లైన్లోనూ పెట్టొచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ బండ్ల ఛార్జింగ్‌కు విడిగా టారిఫ్ ఉంది. వేరే మీటరు తీసుకుంటే లాభమా, ఇంటి మీటరు మీదే నడిపితే లాభమా అన్నది మీ నెల వాడకం ఏ స్లాబులో పడుతుందో చూసి తేల్చుకోండి.

తర్వాత వైరు. ఉన్న ప్లగ్ నుంచి లాగొద్దు. మెయిన్ బోర్డు నుంచి కారు ప్లగ్ దాకా విడిగా ఒక లైను వేయించండి. 16 ఆంపియర్ల ప్లగ్‌కు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 7.2 కిలోవాట్ల బాక్సుకు 6 చదరపు మిల్లీమీటర్లది. దూరం ఎక్కువైతే ఒక సైజు పెంచండి. ఆ లైనుకే ఒక ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లోడు మించితే కరెంటు ఆపేసి ఎంసీబీ వైరును కాపాడుతుంది, కరెంటు లీకైతే ఆపేసి ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. రెండోది దండగ అనే ఎలక్ట్రీషియన్ చేత పని చేయించకండి. గీజరు రోజుకు పదిహేను నిమిషాలు నడుస్తుంది, కారు గంటల తరబడి ఆగకుండా లాగుతుంది. నాసిరకం సాకెట్ అయితే నెల తిరక్కుండా వేడికి నల్లబడుతుంది. మొదటి వారం రోజులు ఛార్జింగ్ మొదలైన గంటకు ప్లగ్ మీద చెయ్యి వేసి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చెయ్యి చురుక్కుమంటే ఆపేసి మార్పించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద కారు ఛార్జింగ్ పెట్టొద్దు, ఒక్క రాత్రికి కూడా.

ఇక ఎర్త్. నందిగామ దగ్గర మా ఊళ్లో నాన్నగారి ఇంట్లో మొదటిసారి ప్లగ్ పెట్టగానే ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగింది. కారు పాడైందేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఊళ్లో కరెంటు పని చేసే అబ్బాయి వచ్చి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య హోల్డర్‌తో బల్బు పెట్టాడు. బల్బు మినుకుమినుకుమంటోంది. పెరట్లో జామచెట్టు పక్కన ఎర్త్ గుంత మీది బండ జరిపితే లోపల మట్టి ఎండిపోయి బీటలు వారి ఉంది. రెండు బిందెల నీళ్లు పోశాడు. మట్టి బుసబుసమంటూ తాగేసింది. మరో బిందె పోశాడు. కాసేపు ఆగి బల్బు పెడితే నిండుగా వెలిగింది, ఛార్జర్ మీద ఎర్ర లైటు పోయి పచ్చది వచ్చింది. "ఇది ఇవాళ్టికే అన్నా. ఎండాకాలమంతా బిందెలు మోస్తూ కూర్చుంటారా? కొత్త గుంత తీయిద్దాం" అన్నాడు. మర్నాడే కొత్త గుంత తీయించి, పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేసి పూడ్పించాం. ఆ తర్వాత మళ్లీ ఎర్ర లైటు రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఎర్త్ లేకపోతే కొందరు సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తారు. ఛార్జర్ మోసపోయి పచ్చ లైటు చూపిస్తుంది, పని అయిపోయిందని డబ్బు తీసుకుని వెళ్లిపోతారు. రేపు ఎక్కడైనా న్యూట్రల్ వైరు తెగితే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. పిల్లలు ముట్టుకునే బండి అది. పని అయ్యాక సాకెట్ విప్పించి మీ కళ్లతో చూసుకోండి.

పల్లెలో ఉన్నవాళ్లకు ఇంకో మాట. బోరు మోటారు సర్వీసు నుంచి కారుకు లాగకండి. అది వ్యవసాయానికి ఇచ్చిన ఉచిత కరెంటు. వేరే అవసరానికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటు కట్టిస్తారు. ఇంటి సర్వీసు నుంచే పెట్టుకోండి. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊరైతే రాత్రి పదకొండు తర్వాత మొదలుపెట్టండి.

3. అపార్ట్‌మెంట్ అయితే అసోసియేషన్‌ను ముందే ఒప్పించండి

సొంత ఇంట్లో ఒక రోజు పని, అపార్ట్‌మెంట్‌లో రెండు నెలలు పట్టొచ్చు. కాబట్టి కారు బుక్ చేయడానికి ముందే మొదలుపెట్టండి.

మీ మీటరు నుంచి మీ పార్కింగ్ దాకా వైరు ఏ దారిన వెళ్తుందో ఎలక్ట్రీషియన్‌తో కలిసి నడిచి చూడండి, ఫోటోలు తీసుకోండి. ఆ తర్వాతే లెటర్ రాయండి. "ఛార్జింగ్ పాయింట్‌కు అనుమతి ఇవ్వగలరు" అని ఒక్క వాక్యం రాసిస్తే మీటింగులో నలిగిపోతుంది. కరెంటు నా సొంత మీటరు నుంచి, ఖర్చంతా నాది, వైరు పైపులో వెళ్తుంది, ఎంసీబీ, ఆర్‌సీసీబీ ఉంటాయి, పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ నేనే పెడతాను, ఇల్లు ఖాళీ చేస్తే తీసేస్తాను అని ఒక్కొక్కటీ రాయండి. మన అసోసియేషన్ల భయాలు రెండే: బిల్లు అందరి మీదా పడుతుందేమో, మంటలు వస్తాయేమో. ఆ రెండింటికీ లెటర్‌లోనే జవాబు ఉంటే సగం పని అయినట్టే.

అడ్డం తిరిగితే చూపించడానికి కాగితాలు ఉన్నాయి. కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇంట్లో, ఆఫీసులో ఉన్న కనెక్షన్ మీదే బండి ఛార్జ్ చేసుకోవచ్చు. కొత్త భవనాల్లో 20 శాతం పార్కింగ్‌కు ఛార్జింగ్ ఏర్పాటు ఉండాలని కేంద్రం తన నమూనా భవన నిబంధనల్లో 2019లోనే చేర్చింది. అయినా నా సలహా, కాగితాలు చివర్లో తీయండి. ముందు అదే బిల్డింగ్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ ఉన్నవాళ్లు ఎవరో కనుక్కుని వాళ్లతో కలిసి అడగండి. ఒక్కరు అడిగితే సొంత అవసరంలా ఉంటుంది, నలుగురు అడిగితే బిల్డింగ్ అవసరం అవుతుంది.

4. గన్‌లు గుర్తుపట్టడం నేర్చుకోండి

గన్ అంటే ఛార్జర్ వైరు చివర కారుకు తగిలించే పిడి. ఇది ఐదు నిమిషాల పని. మన దేశంలో ఇప్పుడు వస్తున్న కార్లకు దాదాపు అన్నిటికీ సీసీఎస్-2 పోర్టు ఉంటుంది. దానిలో పైభాగం టైప్-2, అంటే ఇంటి కరెంటులాంటి ఏసీ (ఎయిర్ కండిషనర్ కాదు) ఛార్జింగ్‌కు. కింద రెండు లావు పిన్నులు డీసీ ఫాస్ట్ ఛార్జింగ్‌కు. పాత స్టేషన్లలో 15 కిలోవాట్ల భారత్ డీసీ గన్ కనిపిస్తుంది, అది మీ కారుకు పట్టదు. యాప్‌లో స్టేషన్ వెతికేటప్పుడు సీసీఎస్-2 అని ఫిల్టర్ పెట్టుకోండి, పాత గన్‌ల దగ్గరికి వెళ్లి వెనక్కి తిరిగే బాధ తప్పుతుంది.

మిషన్ మీద 120 కిలోవాట్లు అని రాసి ఉన్నా, మీ కారు 50 కిలోవాట్లే తీసుకోగలిగితే 50 మాత్రమే వస్తుంది. ఒకే మిషన్‌కు రెండు గన్‌లుండి రెండు కార్లు తగిలిస్తే పవర్ పంచుకుంటాయి. పక్క గన్ ఖాళీగా ఉన్న మిషన్ దొరికితే దాన్నే పట్టుకోండి.

5. హైవే ప్లాన్: రెండో స్టేషన్‌ను చూసుకుని బయల్దేరండి

హైదరాబాద్ నుంచి విజయవాడకు 65వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 275 కిలోమీటర్లు. 40 యూనిట్ల బ్యాటరీతో లెక్క వేసి చూద్దాం.

ఇంట్లో 100 శాతం నింపి బయల్దేరారు. సూర్యాపేట సుమారు 135 కిలోమీటర్లు. యూనిట్‌కు ఆరు కిలోమీటర్లు అనుకుంటే 22, 23 యూనిట్లు ఖర్చు, ఇంకా 44 శాతం ఉంటుంది. అక్కడ 85 శాతం దాకా ఎక్కిస్తే, 50 కిలోవాట్ల మిషన్ మీద అరగంట లోపు అయిపోతుంది. టిఫిన్ చేసి కాఫీ తాగేలోపే. మిగతా 140 కిలోమీటర్లకు 58 శాతం పోతుంది, విజయవాడలో దిగేసరికి 27 శాతం చేతిలో ఉంటుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న వేసుకోండి: సూర్యాపేటలో మిషన్ పనిచేయకపోతే? 44 శాతంతో కోదాడకు హాయిగా వెళ్లొచ్చు, ఇంకో 45 కిలోమీటర్లే. అక్కడికి చేరేసరికి 25 శాతం ఉంటుంది. ఈ రెండో జవాబు ఉంటేనే ఆ ప్లాన్ పనికొస్తుంది. "ఎలాగూ 44 ఉంది కదా, కోదాడలోనే పెడదాం" అనుకుని సూర్యాపేట వదిలేసి వెళ్తే, కోదాడలో మిషన్ ఆగిపోయిన రోజు 25 శాతంతో రోడ్డు మీద వెతుక్కోవాలి. అందుకే నా పద్ధతి: మొదటి స్టేషన్ దగ్గరికి చేరేసరికి, రెండో స్టేషన్‌కు వెళ్లడానికి కావలసినంత, దాని మీద 15 శాతం మిగలాలి. ఇది పాటించినన్నాళ్లూ నాకు రోడ్డు మీద భయం అన్నది తెలియలేదు. ఒక్కసారి పాటించలేదు. ఆరోజు ఒక హోటల్ ఆవరణలో ఉన్న ఏకైక మిషన్ స్క్రీన్ నల్లగా ఉంది, యాప్‌లో మాత్రం "ఖాళీగా ఉంది" అని చూపిస్తోంది. ఏసీ ఆపేసి, 50 స్పీడులో, 9 శాతంతో తర్వాతి ఊరు చేరాం. వెనక సీట్లో అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు, కిటికీలోంచి మైలురాళ్లు లెక్కపెడుతూ కూర్చుంది.

కాబట్టి బయల్దేరే ముందు రోజు రాత్రి యాప్‌లో "ఖాళీ" అన్న మాటతో ఆగకండి. ఆ మిషన్ దగ్గర చివరిసారి ఎవరు, ఎప్పుడు ఛార్జ్ చేశారో చూడండి. ప్లగ్‌షేర్ లాంటి యాప్‌లలో వాడినవాళ్లు రాసిన మాటలు, ఫోటోలు ఉంటాయి. నిన్నో మొన్నో ఒకరు ఛార్జ్ చేసుకుని వెళ్లారంటే అది నమ్మకం. స్టేషన్ నంబరుకు ఒక ఫోన్ కొట్టి, గార్డును అడిగితే ఇంకా మంచిది. రెండు మూడు కంపెనీల యాప్‌లు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసి, ఓటీపీలు పూర్తి చేసి, వాలెట్‌లో కొంత డబ్బు వేసి ఉంచుకోండి. సిగ్నల్ సరిగా లేని చోట ఎండలో నిలబడి రిజిస్ట్రేషన్ చేసుకోవడం చాలా చిరాకు.

కొన్నేళ్ల కిందటితో పోలిస్తే ఈ దారి చాలా మెరుగు. 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ బండ్లకు ఛార్జింగ్ పెట్టడం కరెంటు అమ్మడం కిందికి రాదని, దానికి లైసెన్సు అక్కర్లేదని తేల్చింది. అందుకే హోటల్ యజమాని కూడా మిషన్ పెట్టుకోగలుగుతున్నాడు. హైవేల మీద ప్రతి 20 కిలోమీటర్లకు రెండు వైపులా స్టేషన్ ఉండాలని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎలక్ట్రిక్ బండ్ల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో పబ్లిక్ ఛార్జర్లకే 2,000 కోట్లు కేటాయించారు. మిషన్లు వస్తున్నాయి. అవి రోజూ పనిచేసేలా చూసే మనుషులు కూడా అంతే వేగంగా రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

సంక్రాంతికి మాత్రం వేరే ప్లాన్ వేయండి. పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరే రోజుల్లో ఛార్జర్ల దగ్గరా అదే వరస. తెల్లవారుజామున నాలుగింటికే బయల్దేరండి. పెద్ద హోటళ్ల దగ్గర కాకుండా కాస్త పక్కనున్న పెట్రోలు బంకుల్లోని మిషన్లు చూసుకోండి. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఛార్జింగ్ అయిపోతుందని భయపడకండి. ఆగిన కారుకు మోటారు ఖర్చు లేదు, ఏసీకి గంటకు ఒకటి, ఒకటిన్నర యూనిట్. గంట ఆగితే మూడు నాలుగు శాతం పోతుంది.

6. ఛార్జర్ దగ్గర ఏం చేయాలి

కారు పోర్టు ఏ వైపు ఉందో చూసుకుని, వైరు లాగకుండా అందేలా నిలపండి. పార్కింగ్ మోడ్‌లో పెట్టి కారు ఆపండి. గన్ లోపల నీళ్లు, పురుగులు, కాలిన పిన్నులు లేవని చూసి, క్లిక్ మనేదాకా నేరుగా నెట్టండి. లావు వైరు బరువుకు గన్ వంగి సగమే కూర్చుంటుంది, చాలా ఛార్జింగ్‌లు మొదలవకపోవడానికి కారణం అదే. రెండో చేత్తో వైరు ఎత్తి పట్టుకుంటే సరిగ్గా కూర్చుంటుంది. తర్వాత క్యూఆర్ స్కాన్ చేసి, యూనిట్ ధర చూసి మొదలుపెట్టండి. ధర మీద 18 శాతం జీఎస్టీ కలుస్తుంది.

వెంటనే టిఫిన్‌కు పరిగెత్తకండి. రెండు నిమిషాలు అక్కడే ఉండి ఎన్ని కిలోవాట్లు వస్తున్నాయో చూడండి. 40 రావాల్సిన చోట 12 వస్తుంటే ఆపి, గన్ తీసి మళ్లీ పెట్టండి, లేదా పక్క గన్‌కు మారండి.

80 దాటాక వేగం బాగా తగ్గుతుంది. బ్యాటరీ తనను తాను కాపాడుకోవడానికి నెమ్మదిగా తీసుకుంటుంది. వెనక ఎవరైనా ఆగి ఉంటే 80కి తీసేసి జరగండి, లోపల భోంచేస్తుంటే ఫోన్ నంబరు అద్దం మీద పెట్టి వెళ్లండి. ఛార్జింగ్ అయిపోయాక కూడా మిషన్ ముందు కారు వదిలేసి వెళ్లేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఆ వెనక కారులో చంటిపిల్ల ఉండొచ్చు.

ఆపేటప్పుడు ముందు యాప్‌లో ఆపండి, తర్వాత కారు అన్‌లాక్ చేయండి, అప్పుడు గన్ లాగండి. గన్ రాకపోతే బలం ఉపయోగించొద్దు. కారును ఒకసారి లాక్ చేసి అన్‌లాక్ చేస్తే చాలాసార్లు వచ్చేస్తుంది. అప్పటికీ రాకపోతే చేత్తో విడిపించే తాడో లీవరో చాలా కార్లలో ఉంటుంది, ఎక్కడుందో మాన్యువల్ చూసి ఇవాళే తెలుసుకోండి. మిషన్ మీది ఎర్ర బటన్ పొగ, మంట, షాక్ లాంటి వాటికే.

7. హైడ్రోజన్ కారు కోసం ఆగాలా?

"ఐదు నిమిషాల్లో నిండుతుందట కదా" అని అడుగుతుంటారు. నిజమే. టయోటా మిరాయ్ ట్యాంకుల్లో 5.6 కిలోల హైడ్రోజన్ 700 బార్ ఒత్తిడితో పడుతుంది, దానితో 650 కిలోమీటర్ల దాకా వెళ్తుందని కంపెనీ చెబుతుంది. 2022 మార్చిలో కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ ఆ కారులోనే పార్లమెంటుకు వచ్చారు.

కానీ అదే ప్లగ్ ప్రశ్న ఇక్కడా వేయండి: నింపేది ఎక్కడ? 2025 మార్చిలో కేంద్రం ప్రకటించిన పైలట్ ప్రాజెక్టుల్లో దేశం మొత్తానికి 37 బస్సులు, లారీలు, 9 హైడ్రోజన్ స్టేషన్లు, 10 రూట్లు ఉన్నాయి. వాటిలో ఒకటి మనదే, 16వ నంబరు రహదారి మీద విశాఖపట్నం నుంచి బయ్యవరం. విశాఖ దగ్గరి పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఇవి బస్సులకు, లారీలకు, ఫ్యాక్టరీలకు. ఇంటి కారుకు ఇప్పట్లో కాదు.

లెక్క కూడా చూడండి. నీటి నుంచి కిలో హైడ్రోజన్ తీయడానికి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. మిరాయ్ ట్యాంకు నింపాలంటే దాదాపు 300 యూనిట్లు. ఆ కరెంటునే నేరుగా బ్యాటరీలోకి ఎక్కిస్తే 1,500 కిలోమీటర్లకు పైనే తిరగొచ్చు. రోజంతా బరువు మోస్తూ ఆగకుండా తిరగాల్సిన లారీకి ఆ ఖర్చు గిట్టుబాటు కావచ్చు. మనలాంటి కుటుంబాల కారుకు గిట్టుబాటు కాదన్నది నా అభిప్రాయం, అందుకని దాని కోసం ఆగొద్దు.

కాలిఫోర్నియాలో ఉండి సెకండ్ హ్యాండ్ మిరాయ్ చవగ్గా వస్తోందని చూస్తున్న మనవాళ్లు మాత్రం జాగ్రత్త. 2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ అక్కడ కార్ల కోసం ఉన్న తన హైడ్రోజన్ స్టేషన్లన్నీ మూసేసింది. కిలో ధర కూడా 30 డాలర్లు దాటింది. కొనే ముందు ఒక వారం రోజులు మీ ఇంటి దగ్గరి స్టేషన్ ఎన్ని గంటలు తెరిచి ఉంటోందో యాప్‌లో రోజూ చూడండి. అది మూసిన రోజు వెళ్లడానికి రెండో స్టేషన్ ఉందో లేదో, అక్కడికి ఎన్ని మైళ్లో రాసుకోండి. నింపేటప్పుడు చల్లబరిచిన గ్యాస్ వల్ల నాజిల్ కారుకు గడ్డకట్టి అతుక్కుంటే లాగకండి, ఒకటి రెండు నిమిషాలు ఆగితే అదే వదులుతుంది. మీ ముందు రెండు మూడు కార్లు వరసగా నింపుకుని ఉంటే స్టేషన్‌లో ఒత్తిడి మళ్లీ పెరిగేదాకా ఆగాలి, అప్పుడే మీ ట్యాంకు పూర్తిగా నిండుతుంది.